ఫ్యూజీ కొండమీద ఒక రాత్రి

జపానులో ఉంటున్నామనగానే మనవాళ్ళు వేసే మొదటి ప్రశ్న, "ఫ్యూజీ చూశారా?" అని. చూడకేం! చలికాలంలో ఆకాశం తేటగా ఉంటే టోక్యోలో మా మేడమీదికే కనిపిస్తుంది. ఎక్కడం వేరే సంగతి.

ఎప్పుడు బడితే అప్పుడు ఎక్కడానికి లేదు. జులై మొదలు సెప్టెంబరు రెండోవారం దాకానే దారులు తెరుస్తారు. 2025 నుంచి మనిషికి 4,000 యెన్ల రుసుము. పైన బసలో పడక కుదుర్చుకోనివారిని మధ్యాహ్నం రెండు దాటితే యోషిదా దారిలోకి రానివ్వరు. రాత్రికి రాత్రే పరుగున ఎక్కి మధ్యలో కూలబడేవాళ్ళు ఎక్కువై ఈ కట్టడి పెట్టారు. మంచిపనే చేశారంటాను.

మేము ఏడుగురం బయలుదేరాము. అందరమూ నిషికసాయి వాసులమే. ఆ పేటలో మనదేశంవాళ్ళు చాలామంది ఉన్నారు లెండి. అందరిలోకీ చిన్నవాడు ఒక కాకినాడ కుర్రాడు. వాళ్ళమ్మగారు ఫోనులో, "అన్నయ్యగారూ, వాణ్ణి కాస్త కనిపెట్టి ఉండండి" అన్నది.

షింజుకులో బస్సెక్కితే రెండున్నర గంటల్లో అయిదవ మజిలీకి చేరుస్తుంది. అప్పటికే 2,300 మీటర్ల ఎత్తు. శిఖరం 3,776. ఆరవ మజిలీ దాటాక చెట్టన్నది లేదు. ఇనప చిట్టెంలాంటి ఎర్రరాళ్ళూ నల్లరాళ్ళూ బూటుకింద కరకరమంటాయి. 1707లో ఈ కొండ పేలినప్పుడు నేటి టోక్యో అయిన ఎడో నగరం మీద బూడిద కురిసిందట. ఆ తరవాత మళ్ళీ పేలలేదు. ఆడవాళ్ళను 1872 దాకా శిఖరానికి రానివ్వలేదు. మాలో అందరికన్న ముందు నడిచింది ఇద్దరు ఆడవాళ్ళే!

ఎనిమిదవ మజిలీలో, 3,100 మీటర్ల ఎత్తున మా బస. వేడిగా కూరా అన్నమూ పెట్టారు. బల్లలమీద ఒకరి పక్కన ఒకరం ఒదిగి పడుకున్నాం. ఒంటిగంటకు లేచి శిఖరం చేరాలని ఏర్పాటు.

పదకొండింటికి కుర్రాడు తల పట్టుకు లేచాడు. రెండు వాంతులయినాయి. శిఖరం మీద ఒక్కొక్క ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో మూడింట రెండు వంతులే. వస్తాదుకైనా ఈ జబ్బు రావచ్చు. ప్రాణవాయువు డబ్బాలు అక్కడే అమ్ముతారు, కాసేపు హాయినిస్తాయి. అసలు మందు మాత్రం దిగడమే.

"మామయ్యగారూ, గంట పడుకుంటే సర్దుకుంటుంది. అమ్మకు సూర్యోదయం ఫొటో పంపుతానన్నాను" అని వాడు బతిమాలాడు. వాణ్ణి ఇక్కడే పడుకోబెట్టి వెళ్ళివద్దామని మాలో ఒకాయన అన్నాడు. నాకు మనసొప్పలేదు. బస ముందు, తాడుమీద నడిచినట్టు, మడమకు బొటనవేలు తగిలేలా పదడుగులు వెయ్యమన్నాను. ఆరో అడుగుకి తూలాడు. తలనొప్పికి తూలు తోడయితే అది ప్రాణం మీదికి వచ్చేది. బస ఆసామీ కూడా మాట్లాడకుండా కిందికి వేలు చూపించాడు.

నలుగురు పైకి వెళ్ళారు. నేనూ, బెజవాడ ఇంజనీరుగారూ వాడి చెరొక జబ్బ పట్టుకుని చీకట్లో దిగాము. ఎదురుగా పైకి వచ్చే దీపాల వరుసకు అంతులేదు. వాడి మొహం చూసి, అడగకుండానే ఎవరికి వారు పక్కకు ఒత్తిగిల్లి దారి ఇచ్చారు. నాలుగువందల మీటర్లు దిగడానికి మూడు గంటలు పట్టింది! ఏడవ మజిలీ చేరేసరికి వాడి మాట తేటపడింది. మళ్ళీ నడిపించి చూశాను. పదడుగులూ వేశాడు.

యోషిదా దారి కొండకు ఈశాన్యపు వైపు ఉంది. కనుక సూర్యోదయానికి శిఖరం దాకా పోనక్కరలేదు. నాలుగున్నరకు మా కాళ్ళకింది మబ్బుల్లోంచి సూర్యుడు లేచాడు. జపానువారు దీన్ని 'గోరైకో' అంటారు. వాడు వణికే చేతులతో ఫొటో తీసి పంపాడు.

"శిఖరమేనా నాన్నా?" అని వెంటనే జవాబు వచ్చింది.

వాడు నావంక చూశాడు. నేను ఏమీ అనలేదు. "కాదమ్మా, ఏడో మజిలీ. వొంట్లో బాగాలేక దిగొచ్చాం. ఇప్పుడు బాగానే ఉంది" అని రాసి, ఫోను జేబులో పెట్టుకుని, "మామయ్యగారూ, ఆకలేస్తోంది" అన్నాడు.

ఇంజనీరుగారు సంచిలోంచి పులిహోర పొట్లం తీశారు.