నాలుగ్గంటల పాస్ మార్కు

సీప్యాప్ మిషన్ గురించి మన ఐటీ జనాల్లో మాటొస్తే రెండు డైలాగులు వినిపిస్తాయి. ఒకటి, "నా కంప్లయన్స్ అయిపోయింది, ఇన్సూరెన్స్ వాడి గొడవ లేదు". రెండోది, "అది వాడినా గుండెకేం ఉపయోగం లేదని రీసెర్చిలో తేలిందటగా!". గంటల లెక్క సరిగ్గా చూడకపోవడం వల్లే ఈ రెండూ పుట్టాయని నా అభిప్రాయం.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్ళకి నిద్రలో గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోతుంటుంది. మాస్కు పెట్టి కాస్త ఒత్తిడితో గాలి పంపితే ఆ దారి తెరుచుకునే ఉంటుంది. సిడ్నీలో కోలిన్ సలివాన్ బృందం 1981లో ఐదుగురు పేషెంట్ల మీద దీన్ని చూపించింది. మాస్కు తీస్తే మాత్రం కథ మళ్ళీ మొదటికే.

మరి ఈ నాలుగ్గంటలెక్కడివి? 1993లో క్రిబ్స్ బృందం 35 మంది మిషన్లలో మైక్రోప్రాసెసర్ పెట్టి, వాళ్ళు నిజంగా ఎంతసేపు వాడుతున్నారో కొలిచింది. 70 శాతం రోజుల్లో కనీసం 4 గంటలు వాడితే "రెగ్యులర్" అని లెక్క కోసం ఒక గీత గీసుకున్నారు. గీత దాటింది 16 మందే. ఇప్పుడు అమెరికాలో మెడికేర్ అడిగేదీ అదే గీత. చాలా ప్రైవేటు ఇన్సూరెన్సులదీ అదే దారి.

గీత దాటితే వైద్యం పూర్తయినట్టా? వీవర్ బృందం 2007లో చూసినదాని ప్రకారం, మనిషి తనకు తాను చెప్పుకునే పగటి మత్తు 4 గంటల వాడకంతో చాలావరకు తగ్గుతుంది. ల్యాబులో కొలిచే మత్తు తగ్గాలంటే 6 గంటలు, రోజువారీ పనులు బాగుపడాలంటే ఏడున్నర కావాలి. పైగా కలలొచ్చే నిద్ర ఎక్కువగా తెల్లవారుజామునే ఉంటుంది, ఊపిరి ఇబ్బందులు చాలామందికి అప్పుడే ముదురుతాయి. మా టీమ్‌లో ఒకాయన యాప్‌లో టిక్కు పడగానే మాస్కు పక్కన పడేస్తాడు. రాత్రి డ్యూటీలో ఏడు గంటలకి నాలుగు గంటలే నడిచిన సర్వర్‌ని మనం "అప్" అంటామా?

ఇక గుండె సంగతి. 2016లో వచ్చిన సేవ్ ట్రయల్ మన దేశంతో సహా 7 దేశాల్లో, అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో ఉన్న 2717 మందిని పరిశీలించింది. గుండెపోట్లూ పక్షవాతాలూ తగ్గలేదు, నిజమే. కానీ వాళ్ళ సగటు వాడకం రాత్రికి 3.3 గంటలే! విపరీతమైన మత్తున్నవాళ్ళని అసలు చేర్చుకోనేలేదు. పగటి మత్తు, మూడ్ మాత్రం మెరుగయ్యాయి. అలాగని "పూర్తిగా వాడితే గుండె భద్రం" అని నేనేమీ గ్యారంటీ ఇవ్వను. బాగా వాడేవాళ్ళు మందులు కూడా వేళకి వేసుకునే రకం కావచ్చు, ఆ రెంటినీ విడదీయడం కష్టం. ఈ ట్రయల్ తేల్చింది సగం రాత్రి వాడకం సంగతి, నిండు రాత్రి సంగతి కాదు.

నా బాధల్లా ఒక్కటే. లెక్క కోసం గీసిన గీత ఒకవైపు మూడున్నర గంటలతో కష్టపడుతున్నవాడి చేతిలోంచి మిషన్ లాగేసుకుంటుంది, మరోవైపు నాలుగ్గంటలవాడికి "నువ్వు పాస్" అని అబద్ధం చెప్తుంది. కాబట్టి బాబూ, టిక్కు సంగతి వదిలేయండి. పడుకున్న గంటలెన్ని, మాస్కున్న గంటలెన్ని, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మాస్కు లీకవుతుంటే, ముక్కు ఎండిపోతుంటే మొదటి వారంలోనే డాక్టర్ని పీడించండి. పొద్దున్నే వంద మైళ్ళ వేగంతో కారు నడిపేది మీరు, ఇన్సూరెన్స్ వాడు కాదు.