మూసిన ప్రోగ్రాము గడువును గుర్తుచేయదు

శిక్షా ఉత్తర్వుపై అప్పీలు చేసుకొనుటకు ఉద్యోగికి ఉన్న వ్యవధి 45 రోజులు. రైల్వే ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీలు నిబంధనలు (1968) చెప్పేది అదే. తపాలా శాఖ ఉద్యోగులకు వర్తించే కేంద్ర సివిల్ సర్వీసుల నిబంధనలు (1965) చెప్పేదీ అదే. ఉత్తర్వు ప్రతి చేతికందిన నాటి నుండి లెక్క మొదలవుతుంది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం అప్పీలు అధికారికి లేకపోలేదు. కాని "కంప్యూటరు గుర్తుచేయలేదు" అన్నది తగిన కారణమని ఏ అధికారి ఒప్పుకుంటాడు?

ఒకప్పుడు శాఖా కార్యదర్శుల జేబు డైరీలలో ఉండిన ఈ తేదీలు నేడు కార్యాలయపు కంప్యూటరులోని మెయిలు ప్రోగ్రాములోనికి చేరుతున్నవి. అందులో తేదీ నమోదు చేసినంత మాత్రాన గంట మోగుతుందనే భరోసా అనేకులలో ఉన్నది. ఇది పొరపాటు. క్లాసిక్ అవుట్‌లుక్ గాని, థండర్‌బర్డ్ గాని తెరచి ఉన్నప్పుడే గుర్తుచేస్తుంది. మూసివేస్తే మౌనమే. మరల తెరచిననాడు, గడువు దాటి ఇన్ని రోజులైనదని మాత్రం తీరికగా తెలుపుతుంది!

విండోస్‌లోని స్టార్టప్ ఫోల్డరులో ఆ ప్రోగ్రాము షార్ట్‌కట్ ఉంచితే, లాగిన్ అయిన వెంటనే అదే తెరచుకుంటుంది. ఆ తరువాత మూయక, మినిమైజ్ చేసి ఉంచితే చాలు. బల్ల వద్ద పగలంతా కూర్చునే గుమాస్తాకు ఇది సరిపోతుంది. లోకో పైలట్‌కు, ట్రెయిన్ మేనేజరుకు, రాత్రి షిఫ్టు సార్టింగ్ అసిస్టెంటుకు, నలుగురు మార్చి మార్చి వాడే కౌంటరు యంత్రం ముందు కూర్చునే తపాలా ఉద్యోగికి ఇది ఏమి ఉపకరిస్తుంది?

"అయితే కార్యాలయపు మెయిలునే మీ సొంత ఫోనులో పెట్టుకొనండి" అని సలహా చెప్పేవారున్నారు. గంట మోగుతుంది, నిజమే. కాని గంటతోపాటు అధికారి ఉత్తరువులు కూడ భోజనాల వేళకు ఇంటికి వస్తాయి. ఎనిమిది గంటల పని కోసం తరతరాలుగా పోరాడినవారము, తొమ్మిదవ గంటను మన చేతులతో మనమే జేబులో పెట్టుకొనవలెనా? అంతకు మించిన చిక్కు మరొకటి ఉన్నది. ఆ ఖాతా యాజమాన్యానిది. సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగికి దానిని మూసివేస్తే, గడువు తేదీ ఎవరికి అత్యవసరమో వారికే అది అందదు. సంఘం కేసుల వివరాలు యాజమాన్యపు యంత్రంలో ఉండుట ఎంత క్షేమమో వేరుగా చెప్పనక్కరలేదు.

కావున సంఘపు తేదీలను ఫోనులోని క్యాలెండరులో, సొంత ఖాతా క్రింద నమోదు చేయుట ఉత్తమము. యాప్ తెరచి లేకున్నా ఫోను గుర్తుచేస్తుంది. నోటిఫికేషన్లకు అనుమతి ఉన్నదో లేదో ఒకసారి చూసుకుంటే మేలు. గడువుకు పదిహేను రోజుల ముందొకటి, మూడు రోజుల ముందొకటి పెట్టవలెను. చివరి రోజున మోగే గంట వలన అప్పీలు తయారు కాదు.

ఒక్కని ఫోనుపై ఆధారపడరాదు. ప్రతి కేసు తేదీ కార్యదర్శి వద్దనే గాక సంబంధిత ఉద్యోగి వద్ద కూడ ఉండవలెను. అప్పీలుపై తుది ఉత్తర్వు వచ్చిన పిదప అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్‌కు వెళ్ళుటకు ఒక సంవత్సరమే గడువు. దానినీ ఆ రోజే నమోదు చేయవలెను. గ్రామీణ డాక్ సేవకులకు నిబంధనలు వేరు గనుక వారి గడువులను ఆ నిబంధనల ప్రతి చూసి విడిగా వ్రాసుకొనవలెను.