పూడిక నేలపై గోధుమ చేను

శిల్పమనగానే రాయి, కంచు స్ఫురిస్తాయి. ఆగ్నెస్ డెనెస్ అనే కళాకారిణి 1982లో న్యూయార్కు నగరాన మట్టినీ గింజలనూ ఎంచుకున్నారు.

ప్రపంచ వాణిజ్య కేంద్రం పునాదులు తవ్విన మట్టీ రాళ్లూ పోసి నదిని పూడ్చగా ఏర్పడిన స్థలమది. దాని వెల కుబేరులకే అందుతుంది. అక్కడ సహాయకులతో కలిసి ఆమె రాళ్లూ చెత్తా ఏరి, సారవంతమైన మట్టి పరచి, రెండెకరాలలో చేతులతోనే 285 చాళ్లు తీసి గోధుమ విత్తారు. ఆగస్టు 16న కోత కోస్తే వెయ్యి పౌన్లకు పైగా పంట చేతికి వచ్చింది.

ఆకాశహర్మ్యాల సరసన పండిన ఆ చేను నగరవాసులను ఒక ప్రశ్న అడిగింది: ఇంత విలువైన నేలలో అన్నం పండించడం వెర్రి అయితే, ఆకలిని సహించడం వివేకమా? ఆ గింజలు తరువాత ఒక కళాప్రదర్శనతో 28 నగరాలు తిరిగాయి. ప్రేక్షకులు వాటిని తీసుకుపోయి విత్తుకున్నారు.

నేడక్కడ చేను లేదు, భవనాలున్నాయి. అయినా ఆ పాఠం మన ఇంటి పగిలిన కుండకూ, చిల్లుపడిన బకెట్టుకూ వర్తిస్తుంది. చిల్లు లోపం కాదు, అధిక జలానికి దారి. పారవేసే ముందు దానిలో మట్టి నింపి నాలుగు మెంతులు చల్లండి. మేడమీద మొలిచే ఆ పచ్చదనం మీ ఇంటి శిల్పం, కూరకూ పనికివస్తుంది.