రొయ్యపొట్టు ఔషధమైనప్పుడు

కీళ్ళనొప్పులకు మింగే గ్లూకోసమైన్ మాత్రలు, ముఖకాంతికని పాలలో కలుపుకొనే కొల్లాజెన్ పొడి, గుండెకు మేలని వాడే ఒమేగా-3 గుళికలు. ఈ మూడింటిలో ఒక్కటైనా లేని మధ్యతరగతి గృహం నేడు పట్టణాలలో అరుదు. ఇవి ఎక్కడినుండి పుట్టాయని ప్రశ్నిస్తే మాత్రం ‘మందుల దుకాణం నుండి’ అనే జవాబే సాధారణంగా వస్తుంది. గ్లూకోసమైన్ చాలావరకు రొయ్య, పీతల పొట్టు నుండి తీసినది. సీసాపై ‘మెరైన్’ అన్న మాట ఉంటే ఆ కొల్లాజెన్ చేపచర్మానిది, పొలుసులది. ఇక చేపనూనె సంగతి. ప్రపంచంలో నేడు తయారయ్యే చేపనూనెలో దాదాపు సగం, చేపలను కోసి శుద్ధి చేయగా మిగిలిన తలలు, పేగులు, ముళ్ళ నుండి వస్తున్నదని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2024 నివేదిక తెలుపుతున్నది.

పారవేయవలసినది పనికివచ్చిందంటే సంతోషించవలసిందే. రొయ్యను శుద్ధిచేసే కర్మాగారంలో తల, పొట్టు తీసివేస్తే ఇంచుమించు సగం బరువు తగ్గిపోతుంది. రొయ్యల పెంపకంలో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలోకెల్లా ప్రథమస్థానం. 2009లో వనామీ రొయ్య మన దేశంలోకి ప్రవేశించిన తరువాత భీమవరం, కాకినాడ, నెల్లూరు, విశాఖ ప్రాంతాల శీతల కర్మాగారాలలో ఈ పొట్టు గుట్టలుగా పెరిగింది. కొల్లేటి ప్రాంతపు శీలావతి, బొచ్చె చేపల దారి వేరు. అవి మంచుపెట్టెలలో తలతో సహా లారీలెక్కి బెంగాలుకు, అస్సాంకు వెళ్తాయి. అక్కడి గృహిణులు ఆ తలను పప్పులో వేసి వండుతారు గనుక వ్యర్థమనేదే మిగలదు. రొయ్యకు ఆ అదృష్టం లేదు. దాని పొట్టు కొన్ని గంటలలోనే కుళ్ళి, కాలువలో పడితే ఊరంతటికీ దుర్గంధం పంచుతుంది.

ఆ పొట్టులో ఉండే కైటిన్ అనే పదార్థాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్రాకొనో 1811లోనే, అదీ పుట్టగొడుగులలో, కనిపెట్టాడు. పొట్టును పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెడితే సున్నపు అంశం కరిగిపోతుంది. తరువాత క్షారంలో ఉడికిస్తే మాంసకృత్తులు తొలగి కైటిన్ మిగులుతుంది. గాఢక్షారంలో మరల కాచితే కైటోసాన్, గాఢామ్లంలో విడగొడితే గ్లూకోసమైన్ లభిస్తాయి. అమెరికా సైన్యం 2003 ప్రాంతం నుండి రక్తస్రావం ఆపే కట్లలో కైటోసాన్‌ను వాడింది. బ్రెజిల్ దేశపు ఫోర్టలేజా వైద్యులు కాలిన గాయాలపై తిలాపియా చేపచర్మాన్ని పరిచి చికిత్స చేశారు. ఐస్‌లాండులో కాడ్ చేపచర్మం మానని పుండ్లపై అతుకుగా వాడబడుతున్నది. వీటిని చూసి ‘ఇదేమి వైద్యం’ అని ముక్కు విరవడం మన సంప్రదాయానికి తగదు. మన రసశాస్త్రం శంఖాన్ని, ముత్యపుచిప్పను, పగడాన్ని భస్మం చేసి వాడింది. చెవి చీముకు చెప్పిన ‘సముద్రఫేనం’ నిజానికి సముద్రపు నురుగు కాదు, ఒక సముద్రజీవి వీపులోని తెల్లని గుల్ల. దానిని కూడా నిమ్మరసంలో శుద్ధి చేసిన పిమ్మటనే వాడమన్నారు.

అయితే మన పెద్దలు ద్రవ్యం పేరు దాచలేదు. గుణం చెప్పారు, దోషం చెప్పారు, శోధన చెప్పారు, ఎవరికి వద్దో కూడా చెప్పారు. నేటి సీసాలపై ఈ నాలుగింటిలో మొదటిదే పెద్ద అక్షరాలలో కనిపిస్తుంది. గ్లూకోసమైన్ సంగతే చూడండి. మోకాళ్ళ నొప్పి గల 1,583 మందిపై అమెరికాలో జరిగిన పరీక్ష ఫలితాలు 2006లో వెలువడ్డాయి. గ్లూకోసమైన్ గాని, కాండ్రాయిటిన్ గాని, రెండూ కలిపి గాని, మొత్తంమీద ఉత్తుత్తి మాత్ర కంటే చెప్పుకోదగినంతగా నొప్పి తగ్గించలేదు. బరువు తగ్గుతుందని అమ్మే కైటోసాన్‌పై 2008లో వెలువడిన సమీక్ష కూడా ఆ తగ్గుదల అత్యల్పమనే తేల్చింది. ఏడాది పొడుగునా నెలనెలా వందల రూపాయలు ఖర్చుపెట్టే గృహస్థుకు ఈ మాట ఎవరు చెప్పాలి? రక్తం పలుచబడే వార్ఫరిన్ మందు వాడేవారు వైద్యునితో చెప్పకుండా గ్లూకోసమైన్ తీసుకొంటే రక్తస్రావ ప్రమాదం పెరగవచ్చునన్న సంగతైనా చెప్పవద్దా?

ఇక పాలలో కొల్లాజెన్ విషయం. చరక సంహిత సూత్రస్థానం 26వ అధ్యాయంలో విరుద్ధాహారాలను చెబుతూ చేపలను పాలతో కలిపి తినరాదని స్పష్టంగా నిషేధించారు. రెండూ మధురమే, కాని పాలు శీతవీర్యం, చేప ఉష్ణవీర్యం. ఆ వైరుధ్యం వలన రక్తం చెడి, స్రోతస్సులకు అవరోధం కలుగుతుందని కారణం చూపారు. కరిగించి, విడగొట్టి, వాసన తీసిన చేపచర్మపు పొడికి ఈ నిషేధం వర్తిస్తుందా? ఆధునిక పరిశోధన పాలు-చేపల కలయికలో హానిని నిరూపించలేదన్నదీ నిజమే. వైద్యులలో భిన్నాభిప్రాయాలుండవచ్చు. నా మట్టుకు నేను, పథ్యం పాటించే ఇంటిలో ఆ పొడిని నీటిలోనే కలుపుకొమ్మంటాను. విచిత్రమేమంటే, చేపకూర తిన్ననాడు పిల్లలకు మజ్జిగైనా పోయని తల్లులే నేడు వెనీలా వాసన గల ఆ పొడిని వేడిపాలలో కలిపి తాగుతున్నారు. తెలిసి చేస్తే అది వారి ఇష్టం. తెలియకపోవడమే బాధ.

శాకాహార కుటుంబాల బాధ ఇంకా పెద్దది. ఆహారచట్టం కిందికి వచ్చే పొట్లాలపై 2020 నాటి నిబంధనల ప్రకారం మాంసాహారానికి గోధుమరంగు త్రిభుజం ఉండాలి. రొయ్యజాతి, చేప అంశాలు ఉంటే అవి పడనివారికి హెచ్చరికగా ఆ మాట కూడా వ్రాయాలి. కాని అదే గ్లూకోసమైన్ ఔషధంగా అమ్ముడైనప్పుడు త్రిభుజం తప్పనిసరి కాదు. రొయ్య తింటే ఒళ్ళంతా దద్దుర్లు వచ్చే మనిషి, ఏనాడూ చేప ముట్టని వృద్ధురాలు ఇద్దరూ మోకాళ్ళ మాత్ర పేరిట ఏమి మింగుతున్నారో తెలియక మింగుతారు. శిలీంధ్రాలనుండి తీసిన గ్లూకోసమైన్, సముద్రనాచు నుండి తీసిన ఒమేగా-3 కూడా విపణిలో ఉన్నాయి. అడిగితే దొరుకుతాయి, కాని మూలం తెలియనివారు ఏమని అడుగుతారు?

చేపలో వ్యర్థమంతా ఔషధమే అనే భ్రమ ఇంటివైద్యంలోకి పాకితే మరింత ప్రమాదం. చేపను కోసేటప్పుడు చిట్లితే కూరంతా చేదెక్కుతుందని గృహిణులు జాగ్రత్తగా తీసిపారవేసే ఆకుపచ్చని పిత్తపు తిత్తి ఒకటుంటుంది. దానిని పచ్చిగా మింగితే మధుమేహం, ఉబ్బసం, కీళ్ళవాతం పోతాయని కొన్నిచోట్ల నమ్మకం. శీలావతి చేప పిత్తాన్ని అలా మింగినవారు వాంతులు, విరేచనాలతో మొదలై, కొద్దిరోజులలో మూత్రపిండాలు దెబ్బతిని ఆసుపత్రుల పాలైన ఉదంతాలు మన దేశపు వైద్యపత్రికలలో అనేకం ఉన్నాయి. అందులోని విషం ఉడికించినా నశించదు. ప్రాచీన రసగ్రంథాలలో మత్స్యపిత్తం ప్రస్తావన ఉన్నది గదా అని ఎవరైనా వాదిస్తే, అది వైద్యుని పర్యవేక్షణలో భావన ద్రవ్యమే గాని, ఇంటిలో గుటుక్కున మింగే వస్తువు కాదని గట్టిగా చెప్పండి.

మన తీరంలో కచిడి చేప లక్షలకు అమ్ముడైందని పత్రికలు అప్పుడప్పుడు వ్రాస్తుంటాయి. ఆ వెల చేప మాంసానికి కాదు, దాని గాలితిత్తికి. ఎండబెట్టిన ఆ తిత్తి హాంకాంగు, చైనా విందులలో పులుసవుతుంది. దానికి ‘ఔషధ’మన్న పేరు తోడవగానే వెల రెట్టింపవుతుంది. ఆ పేరుకే నా అభ్యంతరం. ఇంటి ముంగిట ఇంతకన్న చౌకైన ఉపయోగాలు ఎన్నో ఉన్నాయి. చేపలు కడిగిన నీరు కొబ్బరిచెట్టు పాదుకు పోయడం మన కోస్తా ఇళ్ళలో పాత అలవాటు. చేప వ్యర్థాలు, బెల్లం సమానంగా కలిపి మూడు వారాలు మూతవేసి ఉంచి, వడగట్టి, నీటిలో పలుచన చేసి పైరుకు చల్లే రైతులు నేడు పెరుగుతున్నారు.

కర్మాగారాలవారికి నాదొక విన్నపం ఉన్నది. పొట్టును కరిగించిన ఆమ్లం, క్షారం కాలువలోకి వదిలితే, దుర్గంధం పోయి విషం వచ్చినట్లే అవుతుంది. సీసాపై మూలద్రవ్యం పేరు తెలుగులో, చదవగలిగినంత అక్షరంతో, ‘రొయ్యపొట్టు నుండి’, ‘చేపచర్మం నుండి’ అని ఒక్క పంక్తి వేయడానికి మీకు అయ్యే ఖర్చెంత?