ఏడు సెకన్ల దరువు

ఈనాటి కుర్రకారు గంతులేసే డాన్సు సంగీతమంతా కంప్యూటర్ల మహిమే అనుకుంటున్నారా? అయితే ఈ వారం నాతో కాస్త 1969 దాకా రండి. ఆ కొత్త మోత కింద దాక్కున్న ఓ పాత దరువు కథ చెబుతాను.

పాట జోరుగా సాగుతూండగా గొంతు, గిటారు, బాకాలు అన్నీ చప్పున ఆగిపోయి ఒక్క డ్రమ్స్ మాత్రమే మోగే చోటు ఉంటుంది చూశారూ, దాన్నే బ్రేక్ అంటారు. 1973 ప్రాంతంలో న్యూయార్కులోని బ్రాంక్స్ పేటలో కూల్ హెర్క్ అనే డీజే, జనం ఆ చోటు కోసమే కాచుకుని ఉంటున్నారని పసిగట్టాడు. ఒకే రికార్డు రెండు కాపీలు రెండు ప్లేయర్ల మీద పెట్టి, ఒకదాంట్లో బ్రేక్ అయిపోగానే రెండోదాంట్లో అందుకునేవాడు. హిప్-హాప్‌కి పునాది అదే!

అలాంటి బ్రేకులన్నిట్లోకీ మకుటం ‘ఆమెన్, బ్రదర్’లోది. 1969లో ‘ది విన్‌స్టన్స్’ అనే అమెరికన్ బృందం ఇచ్చిన రికార్డు అది. మొదటి వైపు ‘కలర్ హిమ్ ఫాదర్’ సూపర్ హిట్టు. రాసిన రిచర్డ్ స్పెన్సర్‌కి గ్రామీ కూడా తెచ్చిపెట్టింది. రెండో వైపు ఖాళీ నింపడానికి చేసిన వాద్యసంగీతమే ఇది. అందులో డ్రమ్మర్ గ్రెగరీ కోల్‌మన్ ఒంటరిగా నాలుగు ఆవర్తాలు వాయించాడు. ఇంచుమించు ఏడు సెకన్లు. అంతే!

1980ల్లో శాంప్లర్లు చవకయ్యాక ఆ ఏడు సెకన్లకి రెక్కలొచ్చాయి. 1988లో ఎన్‌డబ్ల్యూఏ ర్యాప్ బృందం దాన్ని వాడుకుంది. 1990ల మొదట్లో ఇంగ్లండు కుర్రాళ్లు అదే దరువుని వేగం పెంచి ‘జంగిల్’ అనే కొత్త బాణీయే పుట్టించారు.

మెషీను బీటు సంగతి మీకు తెలిసిందే. డిస్కో రోజులనుంచీ ధన్, ధన్, ధన్, ధన్... గోడకి మేకు కొట్టినట్టు! చేతి దరువు అలా కాదు. ఓ దెబ్బ వెంట్రుకవాసి ముందు, ఓ దెబ్బ వెనక. అందుకే ఇప్పటివాళ్లు పాత బ్రేకుని ముక్కలుగా కోసి, వరస మార్చి పేర్చి, అడుగున మెషీను కిక్కు, బేసు పెడతారు. బలం మెషీనుది, ప్రాణం మనిషిది. నియా ఆర్కైవ్స్ 2024లో తెచ్చిన ‘సైలెన్స్ ఈజ్ లౌడ్’ ఆల్బమ్ వినండి, ఈ జంగిల్ దరువుల మీద పాట ఎంత హాయిగా నడుస్తుందో.

మరి ఆ ప్రాణం పోసినవాడి గతి? కోల్‌మన్ 2006లో అట్లాంటాలో నిలువ నీడ లేకుండా కన్నుమూశాడు. ఇన్ని వేల పాటల్లో తన దరువు మోగుతున్నా రాయల్టీగా దమ్మిడీ ముట్టలేదు. స్పెన్సర్‌కే సంగతి 1996 దాకా తెలియదు! 2015లో ఇంగ్లండు అభిమానులు చందాలు వేసుకుని సుమారు 24 వేల పౌండ్లు స్పెన్సర్‌కి అందజేశారు. కోల్‌మన్ అప్పటికి లేడు.

పాత దరువు తీసుకోవడం తప్పంటే నేనొప్పుకోను. ఆ కుర్రాళ్లు తీసుకోకపోతే ‘ఆమెన్, బ్రదర్’ ఏ మూలో దుమ్ము కొట్టుకుపోయేది. కానీ కొట్టిన చేతికి పేరూ, పైసా రెండూ దక్కాలి. మనమేం తీసిపోయామని? వెనకటి మన సినిమా రికార్డుల అట్టలు తిరగేయండి. గాయకులు, సంగీత దర్శకుడు, కవి... అందరూ ఉంటారు. తబలా వాయించినాయన పేరు ఎన్నిటి మీద కనిపించింది? మీరే చెప్పండి!