లంబసింగిలో 'మంచు' అసలు కథ: హిమపాతంపై ఆశలు.. కృష్ణా డెల్టాకు అసలు ముప్పు పొగమంచే!

చలి కాస్త ముదిరిందంటే చాలు.. ఫోన్లలో ఒకటే హడావిడి. లంబసింగిలో ఎంత? అరకులో ఎంత? మినుములూరులో ఎంత? తెల్లారేసరికి వాట్సాప్ గ్రూపుల్లో అంకెలు తిరుగుతుంటాయి. వాటితో పాటే తెల్లగా మెరిసే గడ్డి, కారు అద్దాలపై పేరుకున్న గడ్డ.. 'ఆంధ్రా కశ్మీర్‌లో మంచు వర్షం' అంటూ వీడియోలు. విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం కుర్రాళ్లు అది చూసి రాత్రికి రాత్రే కారెక్కేస్తారు. తుని దాటి, నర్సీపట్నం మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కి, తెల్లవారుజామున చెరువులవేనం కొండ మీద నిలబడతారు. మేఘాలు కాళ్ల కింద కనిపిస్తాయి. చలికి చేతులు కొంకర్లు పోతాయి. కానీ కశ్మీర్‌లో పడే మంచు మాత్రం పడదు.

మరి ఎప్పటికైనా పడుతుందా? సున్నా డిగ్రీలు వస్తే పడాలి కదా? ఇక్కడే చాలామంది పొరపడుతున్నారు.

ఒకే మాట.. నాలుగు అర్థాలు

గందరగోళం భాషలోనే మొదలవుతుంది. పొద్దున్నే గడ్డి మీద కనిపించే నీటి బిందువుల్ని మనం మంచు అంటాం. రోడ్డు కనపడనివ్వని తెల్లటి తెర పొగమంచు. లంబసింగిలో గడ్డి మీద గడ్డకట్టే తెల్లటి పొడీ మంచే. కశ్మీర్‌లో ఆకాశం నుంచి దూదిపింజల్లా రాలేదీ మంచే. నాలుగూ వేర్వేరు. 'లంబసింగిలో మంచు కురుస్తోంది' అనే హెడ్‌లైన్ చూసినవాళ్లు నాలుగోదాన్ని ఊహించుకుంటారు. అక్కడ ఉండేది మొదటి మూడే.

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి సముద్ర మట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. బయట పడుకుంటే కర్రలా బిగుసుకుపోతారన్న అర్థంలో స్థానికులు దీన్ని కొర్రబయలు అని కూడా పిలుస్తారు. ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి కిలోమీటరుకు సుమారు 6 డిగ్రీల వేడి తగ్గుతుంది. అంటే విజయవాడతో పోలిస్తే ఎత్తు వల్లే 6 డిగ్రీల తేడా. దానికి తోడు రాత్రిపూట చల్లబడ్డ బరువైన గాలి కొండల మీద నుంచి జారి లోయలో చేరుతుంది. గాలి కదలకపోతే ఆ చలి అక్కడే పేరుకుపోతుంది.

ఇక గడ్డి మీద తెల్లటి పొర సంగతి. వాతావరణ కేంద్రాలు ఉష్ణోగ్రతను నేల మీద కొలవవు. భూమికి సుమారు 1.2 మీటర్ల ఎత్తులో, చెక్క పెట్టె నీడలో కొలుస్తాయి. మబ్బులేని రాత్రి నేల, గడ్డి తమ వేడిని ఆకాశంలోకి వదిలేసి గాలి కంటే ముందే చల్లబడతాయి. పెట్టెలో 3 లేదా 4 డిగ్రీలు ఉన్నప్పుడు కూడా గడ్డి పరక మీద సున్నాకు చేరొచ్చు. అప్పుడు గాలిలోని తేమ ఆ గడ్డి మీదే గడ్డకడుతుంది. పైనుంచి రాలింది ఏమీ ఉండదు. ఊటీ లంబసింగికి రెట్టింపు ఎత్తు, 2,200 మీటర్లకు పైనే. అక్కడ కూడా జనవరిలో గడ్డి తెల్లబడటమే తప్ప హిమపాతం ఉండదు.

చలి వస్తే మబ్బు రాదు.. మబ్బు వస్తే చలి ఉండదు

హిమపాతానికి రెండు కావాలి. మేఘం నుంచి నేల దాకా గాలి సున్నాకు దగ్గరగా లేదా అంతకంటే చల్లగా ఉండాలి. అదే సమయంలో గాలిలో బాగా తేమ ఉండాలి. తెలుగు నేల మీద ఈ రెండూ కలిసి రావు.

మనకు చలి ఎలా వస్తుందో చూడండి. చలికాలంలో పశ్చిమం నుంచి వచ్చే అల్పపీడనాలు కశ్మీర్, హిమాచల్‌లో మంచు కురిపించి వెళ్తాయి. అవి దాటాక ఉత్తరాది పొడి గాలులు మధ్యప్రదేశ్, విదర్భ మీదుగా కిందికి దిగుతాయి. ముందు ఆదిలాబాద్ వణుకుతుంది. తర్వాత తెలంగాణ, మన్యం. ఆఖర్న డెల్టా. ఈ గాలి పొడిది. ఆకాశం నీలంగా ఉంటుంది. వేడిని పట్టి ఉంచే మబ్బు దుప్పటి లేదు కాబట్టే రాత్రి అంత చల్లబడుతుంది.

మరి మబ్బు ఎప్పుడు వస్తుంది? గాలి బంగాళాఖాతం వైపు నుంచి తిరిగినప్పుడు. జనవరిలో కూడా సముద్రం పైనీరు 25 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. అటు నుంచి మబ్బు వచ్చిందంటే వెచ్చదనం కూడా వచ్చినట్టే. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపానే ఉదాహరణ. నడిచలికాలంలో డెల్టాను ముంచెత్తింది వాన. పగలు చల్లగా అనిపించినా అది గడ్డకట్టే చలి కాదు.

ఇంకో లెక్క. శీతాకాలంలో మన మీద గాలి సున్నా డిగ్రీలకు చేరేది 4,000 మీటర్లు దాటాకే. తూర్పు కనుమల్లో అత్యంత ఎత్తయిన శిఖరాలు కూడా 1,700 మీటర్లు మించవు. ఆ పైన పుట్టిన మంచు కిందికి వచ్చేలోపు వాన చినుకు అయిపోతుంది. మన దగ్గర ఆకాశం నుంచి గడ్డగా పడేవి వడగళ్లే. అవి ఎక్కువగా ఎండలు మొదలయ్యాక పడతాయి. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో వడగళ్లు నేలంతా పరుచుకుంటే ఆ దృశ్యాలు కశ్మీర్‌ను తలపించాయి. కానీ అది ఉరుముల మేఘం పని.

న్యూ ఓర్లీన్స్‌లో పడింది.. మరి ఇక్కడెందుకు పడదు?

వాతావరణ ప్రియులు అడిగే మంచి ప్రశ్న ఇది. 2025 జనవరి 21న అమెరికాలోని న్యూ ఓర్లీన్స్‌లో ఏకంగా 8 అంగుళాల మంచు పడింది. అదీ డెల్టా నగరమే. మిసిసిపి నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గర, సముద్ర మట్టానికి సమానంగా ఉండే ఊరు. మరి కృష్ణా డెల్టా ఏం పాపం చేసింది?

మొదటి తేడా, న్యూ ఓర్లీన్స్ 30 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. విజయవాడ ఉన్నది పదహారున్నర మీద. రెండోది ఇంకా ముఖ్యం. ఉత్తర ధ్రువం నుంచి అమెరికా దక్షిణ తీరం దాకా చల్లగాలికి అడ్డంగా నిలిచే పర్వతం లేదు. గాలి నేరుగా దూసుకొస్తుంది. మనకు హిమాలయాలు గోడలా నిలబడ్డాయి. సైబీరియా చలి ఆ గోడ అవతలే ఆగిపోతుంది.

అలా ఆగడం మన అదృష్టమే. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను ముంచెత్తిన మంచు తుపానులో డాలస్‌లో మైనస్ 19 డిగ్రీలు నమోదైంది. రాష్ట్రమంతా లక్షల ఇళ్లకు కరెంటు పోయింది. పైపులు గడ్డకట్టి పగిలాయి. 200 మందికి పైగా చనిపోయారు. పెద్ద సంఖ్యలో తెలుగు కుటుంబాలు ఉండే ప్రాంతమది. మంచు ఎలా ఉంటుందో వాళ్లను అడిగితే ఫొటోల కంటే ముందు ఆ రాత్రుల గురించే చెప్తారు.

మంచు మోజుకు మన లంబసింగికి దగ్గరి పోలిక హాంకాంగ్. 2016 జనవరి 24న అక్కడ 3.1 డిగ్రీలకు పడిపోయింది. 59 ఏళ్లలో అదే కనిష్ఠం. 957 మీటర్ల తాయ్ మో షాన్ కొండ మీద గడ్డకట్టిన మంచు చూద్దామని జనం ఎగబడ్డారు. రోడ్డు అద్దంలా జారింది. కిందికి దిగలేక చిక్కుకున్నారు. కాపాడటానికి వెళ్లిన ఫైర్ సిబ్బంది కూడా జారిపడ్డారు. పదుల సంఖ్యలో జనం ఆస్పత్రి పాలయ్యారు. ఎత్తు దాదాపు లంబసింగిదే. ఆత్రమూ అదే.

డెల్టాకు అలర్ట్ ఎందుకు రాదు?

మంచు కోసం కొండవైపు చూస్తున్న వేళ, కింద డెల్టాలో చలి వేరే పని చేసుకుపోతుంది.

వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో కనిష్ఠం 10 డిగ్రీలు లేదా అంతకంటే తగ్గి, మామూలు కంటే 4.5 డిగ్రీలు తక్కువ ఉంటేనే శీతల గాలులు వీస్తున్నట్టు. తీర ప్రాంతాలకు ఆ హద్దు 15 డిగ్రీలు. జనవరిలో విజయవాడ కనిష్ఠం సాధారణంగా 18 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. అంటే 13 డిగ్రీల దాకా పడితే గానీ ఆ మాట వినిపించదు. 15 డిగ్రీల రాత్రికి హెచ్చరికా రాదు, హెడ్‌లైనూ రాదు.

కానీ ఒంటికి ఆ లెక్కలు తెలియవు. ఇక్కడి ఇళ్లు ఎండను తట్టుకోవడానికి కట్టినవి. మొగల్రాజపురం, గుణదల కొండవాలు రేకుల ఇళ్లలో రాత్రి చలి సూటిగా దిగుతుంది. తెల్లవారుజామునే పనిలోకి దిగే పారిశుద్ధ్య కార్మికులు, పాలు పోసేవాళ్లు, ఫుట్‌పాత్‌ల మీద పడుకునేవాళ్లు.. వీళ్లకు 15 కూడా చలే. డిసెంబర్‌లో భవానీ దీక్షల విరమణకు ఇంద్రకీలాద్రికి లక్షల్లో భక్తులు వస్తారు. వేకువనే కృష్ణలో మునిగి తడిబట్టలతో క్యూలో నిలబడతారు. ఆస్తమా, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లకు ఇది పరీక్షే.

పొలంలో 'మంచు' లెక్కే వేరు

ప్రకాశం బ్యారేజీ కింద దాదాపు 13 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. ఖరీఫ్ వరి కోతల ముందు చేలో మినుము చల్లడం డెల్టా రైతుకు అలవాటు. నేలలో మిగిలిన తడి, రాత్రిపూట పడే మంచు.. ఈ రెండింటి మీదే ఆ పైరు లేస్తుంది. అందుకే ఇక్కడ మంచు అంటే పంటకు ప్రాణం. అదే మంచు ఎడతెగకుండా పడితే ఆకుల మీద బూడిద తెగులు. నూజివీడు మామిడికి పూత రావాలంటే చలి కావాలి. పూత వచ్చాక పొగమంచు పట్టేస్తే తేనెమంచు పురుగు, బూడిద తెగులు కలిసి పిందెను నిలవనివ్వవు. దాళ్వా నారుమళ్లు చలికి ఎదుగుదల ఆగి పసుపుబారతాయి. రొయ్యల చెరువుల్లో నీరు చల్లబడితే రొయ్య మేత తగ్గిస్తుంది. తెల్లమచ్చ వైరస్ ముప్పు పెరుగుతుంది. కైకలూరు, బంటుమిల్లి వైపు రైతులు చలికాలం పంటకు వెనకాడేది అందుకే.

అన్నిటికంటే ప్రాణాంతకం మాత్రం పొగమంచు. కాలువలు, తడి చేలు, కదలని గాలి, మబ్బులేని ఆకాశం.. పొగమంచుకు ఇంతకంటే ఏం కావాలి? 200 మీటర్ల లోపు మాత్రమే కనిపిస్తే దట్టమైనదిగా, 50 మీటర్ల లోపయితే అతి దట్టమైనదిగా లెక్క. గన్నవరంలో విమానాలు ఆకాశంలో చక్కర్లు కొట్టేదీ, హైదరాబాద్‌కు మళ్లేదీ ఇలాంటి ఉదయాల్లోనే. ఆలస్యమైన విమానం వార్త అవుతుంది. కానీ హైదరాబాద్ హైవే మీద, ఏలూరు వైపు, చెన్నై వైపు రోడ్డు పక్కన ఆగిన లారీని చూడక గుద్దేసే కారు ఒక కుటుంబాన్నే మింగేస్తుంది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వేల కార్లు రాత్రిపూట బయల్దేరి విజయవాడ చేరేది సరిగ్గా పొగమంచు చిక్కగా ఉండే వేళకే.

ఈ ఆసక్తి వృథానా?

కానే కాదు. 'ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్' పేరుతో వాతావరణ సమాచారం ఇచ్చే సాయి ప్రణీత్‌ను 2021 జులైలో మన్ కీ బాత్‌లో ప్రధాని మోదీ ప్రస్తావించారు. వృత్తి సాఫ్ట్‌వేర్, వ్యాపకం వాతావరణం. ఇలాంటివాళ్ల వల్లే రైతుకు తన భాషలో, తన మండలం పేరుతో సమాచారం అందుతోంది. లంబసింగి చలిని లెక్కగట్టే ఓపికలో సగం డెల్టా పొగమంచు మీద పెడితే దాని ఫలితం ఎంతో ఎక్కువ. గాలి ఆగుతుందా, తేమ ఎంత, ఆకాశం ఎలా ఉంది.. ఈ మూడూ చూసి ముందు రాత్రే ఒక హెచ్చరిక పెట్టొచ్చు. బయల్దేరే కారు రెండు గంటలు ఆగితే చాలు.

వీడియో వస్తే ఇవి చూడండి

* తెలుపు గడ్డి మీద, కారు పైకప్పు మీద మాత్రమే ఉంటే అది గడ్డకట్టిన మంచు. హిమపాతం అయితే చెట్టూ, రోడ్డూ, ఇంటి కప్పూ అన్నీ కప్పేస్తుంది.
* తెల్లటివి గోళీల్లా ఎగిరిపడుతుంటే వడగళ్లు.
* ఫోన్ యాప్‌లో కనిపించే డిగ్రీలు ఎక్కువగా కంప్యూటర్ అంచనాలు. కొలిచిన అంకె కావాలంటే వాతావరణ కేంద్రం రీడింగ్ చూడాలి.

వెళ్లేవాళ్లు ఇవి మరవొద్దు

* టెంటులో, తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.
* మద్యం తాగితే వెచ్చగా అనిపిస్తుంది కానీ ఒంట్లో వేడి ఇంకా త్వరగా పోతుంది.
* పొగమంచులో హై బీమ్ వద్దు, వెలుగు తిరిగి కళ్లలోనే పడుతుంది. లో బీమ్ వేసి నెమ్మదిగా వెళ్లాలి. ఏమీ కనపడకపోతే హైవే అంచున ఆపకుండా పెట్రోల్ బంకులోనో, ధాబా దగ్గరో ఆగాలి.

మాఘంలో మాకులు కూడా వణుకుతాయని పెద్దలు అన్నారు. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందనీ అన్నారు. అప్పటిదాకా మన్యంలో గడ్డి తెల్లబడుతూనే ఉంటుంది, వీడియోలు వస్తూనే ఉంటాయి. చూడదగ్గ దృశ్యమే, సందేహం లేదు. కాకపోతే ఆ కొండకు బయల్దేరే ముందు రాత్రి, డెల్టా రోడ్డు మీద ఎన్ని మీటర్లు కనిపిస్తోందో ఒకసారి చూసుకోవాలి.