ఆరో నిమిషంలో ఆగిన బంతి

ఆటలమీద వ్యాసమేమిటి, అందులోనూ అమెరికాలో ఆడవాళ్ల ఫుట్‌బాలుమీద, అని మన మిత్రులు కొందరు ముక్కున వేలేసుకుంటారని నాకు తెలుసు. మా స్టాఫు రూములో వొకాయన మరీ ముందుకు పోయి, "డబ్బుకోసం ఆడే ఆటంతా పెట్టుబడిదారుడి తమాషా, అందులో మనకేం పని?" అన్నాడు. బీడీ కార్ఖానాలో మనకు పనున్నది, బట్టల మిల్లులో వున్నది. పచ్చికమీద చెమటోడ్చి జీతం తీసుకునేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన మార్క్సిజం గేటు బయటే నిలబడిపోతుంది! దీన్ని వర్గదృష్టి అనకండి. యిది వట్టి సోమరితనం.

నేను చెప్పేది 2021 సీజను సంగతి. అమెరికా జాతీయ మహిళా సాకర్ లీగులో ఆ యేడు పది క్లబ్బులు ఆడాయి. కనీస జీతం సాలుకు 22,000 డాలర్లు. దాన్ని మన రూపాయల్లోకి మార్చి నోరు వెళ్లబెట్టవద్దు, ఆ దేశంలో యింటి అద్దె యెంతో కనుక్కోండి. ఆట ముగిశాక మరో పని చేస్తేనే గడిచేవాళ్లు యెందరో. యిక రెండో పని వద్దన్నదే ఆ వేసవిలో వాళ్ల యూనియను నినాదం.

సెప్టెంబరు 30న 'ది అథ్లెటిక్' పత్రిక వొక కథనం వేసింది. నార్త్ కరోలినా జట్టు కోచ్ పాల్ రైలీ తమపట్ల లైంగిక దుష్ప్రవర్తన సాగించాడని సినేడ్ ఫారెలీ, మానా షిమ్ అనే పూర్వ క్రీడాకారిణులు తమ పేర్లతోనే బయటపెట్టారు. అతడు చాలావరకు కాదన్నాడు. క్లబ్బు ఆ రోజే అతణ్ణి తొలగించింది.

యిది వొక దుర్మార్గుడి కథ అని సరిపెట్టుకునేవారికి వొక ప్రశ్న. షిమ్ 2015లోనే పోర్ట్‌లండ్ క్లబ్బుకు ఫిర్యాదు చేసింది. క్లబ్బు విచారించింది, అతని కాంట్రాక్టు పొడిగించలేదు, కారణం మాత్రం లోకానికి చెప్పలేదు. కొద్ది నెలల్లో అతడు అదే లీగులో మరో క్లబ్బుకు కోచ్ అయ్యాడు. 2021 ఏప్రిల్‌లో ఆ స్త్రీలు లీగు కమిషనరుకు మళ్లీ రాస్తే, ఆ విచారణ యెప్పుడో ముగిసిందని జవాబు! యీ మౌనం యెవరి ఆస్తిని కాపాడింది? ఆటగత్తె యే వూళ్లో ఆడాలో డ్రాఫ్టు నిర్ణయించేది. ఆమెను అడగకుండానే వొక క్లబ్బు మరో క్లబ్బుకు మార్చుకోవచ్చు. జట్టులో వుంచేదీ తీసేదీ కోచ్. యిన్ని తాళ్లు వొకడి చేతిలో పెట్టి, వాడి శీలంమీద మాత్రమే చర్చ చేయడం యజమానులకు యెంత సుఖమో!

ఆ తాళ్లను తెంచడం మొదలుపెట్టింది ఆటగత్తెలే. వాళ్ల కోరికమీద ఆ వారాంతపు ఆటలన్నీ ఆగిపోయాయి. కమిషనరు రాజీనామా చేసింది. అక్టోబరు 6న తిరిగి మైదానంలోకి దిగినప్పుడు, ఆరో నిమిషంలో రెండు జట్లవాళ్లూ బంతి వదిలేసి నడిమి వలయంలో చేతులు కలిపి నిలబడ్డారు. నిమిషానికి వొక యేడు చొప్పున, ఆ స్త్రీల మాట చెవికెక్కడానికి పట్టిన కాలం అది. ఫైనలు ఆట టీవీ కోసం పోర్ట్‌లండ్‌లో పొద్దున తొమ్మిదింటికి పెడితే అదీ కుదరదన్నారు. లూయీవిల్‌కు మార్చక తప్పలేదు. నవంబరు 20న అక్కడ వాషింగ్టన్ జట్టు అదనపు సమయంలో షికాగోను 2-1తో వోడించింది. పట్టికలో మిగిలేది యీ వొక్క అంకే.

దీన్నంతా 'మహిళా సాధికారత' అని పేరుపెట్టి తమ ఖాతాలో జమ వేసుకునే కంపెనీలకు కొదవలేదు. 2022 మొదట్లో తొలి సామూహిక వొప్పందం కుదిరి కనీస జీతం 35,000 డాలర్లయింది. అది యే కంపెనీ దయా కాదు.

వాషింగ్టన్ ఆటగత్తెలు పాత యజమానిని వదిలిపొమ్మని బహిరంగంగా కోరారు గదా, కొత్తగా వచ్చినావిడా ధనవంతురాలే గదా అని మా మిత్రుడు యెత్తిపొడిచాడు. నిజమే, లీగు యిప్పటికీ యజమానులదే. అయితే 2024 వొప్పందంలో యూనియను డ్రాఫ్టును రద్దు చేయించింది, ఆటగత్తె వొప్పుకోకుండా ఆమెను మరో క్లబ్బుకు మార్చడాన్నీ ఆపించింది. ఆ దేశంలోనే మగవాళ్ల పెద్ద లీగుల్లో డ్రాఫ్టు యింకా నడుస్తూనే వుంది.